సింహగిరి మొదలు భీమునిపట్టణము దాకా – తీరభూమి వృత్తాంతము



సముద్రస్నానమునకు దిగునప్పుడు మనము ముందుగా సంకల్పము చెప్పుకొందుము. ఏ కల్పములో, ఏ మన్వంతరములో, ఏ ద్వీపములో, ఏ పర్వతమునకు ఏ దిక్కున, ఏ నదుల నడుమ నిలిచియున్నామో వరుసగా చెప్పి, పిమ్మట గోత్రనామములు చెప్పి, అప్పుడు గదా నీట మునుగుదుము! సంకల్పము లేని స్నానము ఒంటి మురికిని పోగొట్టునే గాని తీర్థస్నానము కాదని పెద్దల మాట. అయితే పురోహితుడు చెప్పించిన మాటలను గడగడ అప్పజెప్పి మునిగి లేచుట మనకు అలవాటైనది. దేశమనగా ఏది, కాలమనగా ఎంత, అని నిలిచి ఆలోచించువారు తక్కువ. నేటి ప్రసంగములో మేము ఆ రెండు మాటలనే పట్టుకొని, సింహాచలము మొదలు భీమునిపట్టణము దాకా గల ఈ తీరభూమి ఎట్లు ఏర్పడినదో, దానిపై ఎవరెవరు నిలిచి వెళ్లిరో చెప్పదలచినాము. చివర, యాత్రికులు తరచుగా అడుగు ఒక ప్రశ్నకు సమాధానము కూడ చెప్పవలసియున్నది.

ఆరంభమునందే ఒక హెచ్చరిక. బ్రహ్మదేవుని పగలు ఒక కల్పము. దాని పరిమాణము 432 కోట్ల సంవత్సరములు. నేటి శాస్త్రజ్ఞులు భూమి వయస్సు సుమారు 454 కోట్ల సంవత్సరములని చెప్పుచున్నారు. ఈ రెండు సంఖ్యలు దగ్గరగా ఉన్నవి గనుక మన పురాణమును సైన్సు ఋజువు చేసినదని సభలలో ఎలుగెత్తి చెప్పువారు కలరు. మేమట్లు చెప్పము. ఎందుకనగా 432 కోట్లు కల్పమంతటికి లెక్క. మన సంకల్పము ప్రకారము ఈ శ్వేతవరాహకల్పములో ఇంతవరకు గడచినది సుమారు 197 కోట్ల సంవత్సరములే. పోల్చవలసివచ్చినచో ఆ సంఖ్యను గదా పోల్చవలెను? చప్పట్ల కొరకు లెక్క మార్చుట శాస్త్రమునకు గౌరవము కాదు. శంకర భగవత్పాదులు గీతాభాష్యములో ఈ విషయమును స్పష్టముగా నిర్ణయించియున్నారు. ప్రత్యక్షానుమానములకు అందని విషయమునందే శ్రుతికి ప్రామాణ్యము. కంటికి కనబడు దానిని కాదనుటకు శ్రుతి రాలేదు. కావున రాతి సంగతి రాతినే అడుగుదము, మంత్రము సంగతి మంత్రమును అడుగుదము.

ముందుగా రాయి. సింహగిరి, కైలాసగిరి, తొట్లకొండ, పావురాళ్ళకొండ, ఇవన్నియు తూర్పు కనుమలకు చెందినవి. ఈ కొండలలో విరివిగా కనబడు శిలకు ఖొండలైటు అని పేరు. కనుమలలో నివసించు ఖోండు జనుల పేర వాకర్ అను భూవిజ్ఞాని 1902లో ఈ పేరు పెట్టెను. రాయి పేరులో ఒక గిరిజన జాతి పేరు నిలిచిపోవుట మంచి సంగతియే. పగిలిన ముక్కను తీసి చూచినచో అందు దానిమ్మగింజల వంటి ఎర్రని బిందువులు కనబడును. అవి గోమేదకము పోలిక గల గార్నెట్ అను ఖనిజము. వాన తగిలి పాతబడిన చోట ఆ రాయి తుప్పురంగు తిరుగును. గార్నెట్టులోని ఇనుమే అందులకు కారణము. ఈ ఇనుమును భక్తులు గుర్తుంచుకొనవలెను. ముందు దీనితో పని యున్నది.

ఈ శిల మొదట శిల కాదు. ఒకానొక ప్రాచీన సముద్రము అడుగున పేరుకొన్న బంకమన్ను, ఒండ్రు. అది భూగర్భమున అనేక క్రోసుల లోతునకు దిగి, ఎనిమిది తొమ్మిదివందల డిగ్రీల వేడిమిలో ఉడికి, నలిగి, రూపు మారి, మరల పైకి లేచినది. అట్లు ఉడికిన కాలము సుమారు నూరుకోట్ల సంవత్సరములకు పూర్వమని తేల్చినారు. అంటే వరాహలక్ష్మీనృసింహుడు వెలసిన ఈ గిరి ఒకనాడు నీటి అడుగున పడియున్న మన్ను! ఇది వినగానే భక్తుల మనస్సు ఎటు పోవునో మాకు తెలియును. నీట మునిగిన భూమిని కోరపై ఎత్తిన వరాహమూర్తి కళ్లకు కట్టును. మా మనస్సునకును ఆ మూర్తియే తోచును. అయినను మేము దీనిని ఋజువు అనము. వరాహావతారము ఉపాసనకు విషయము. ఉష్ణమాపకముతో కొలువదగినది కాదు. ఆ రాతిని చూచినప్పుడు ఆ స్వామి స్మరణకు వచ్చిన చాలును.

తీరము ఇక్కడనే ఏల ఏర్పడవలెను? పూర్వము మన తూర్పు కనుమలును, దక్షిణధ్రువమునందలి అంటార్కిటికా ఖండపు తూర్పు భాగమును ఏకఖండముగా ఉండెను. సుమారు పదమూడు కోట్ల సంవత్సరముల క్రిందట అవి చీలి విడిపోగా నడుమ సముద్రము చొచ్చివచ్చెను. అదియే నేటి బంగాళాఖాతము. విశాఖ తీరపు కొండలకు జోడైన శిలలు నేడు ఆ మంచుఖండములో ఉన్నవి. రొట్టెను విరిచిన చోట రెండు ముక్కల అంచులును కలిసినట్లే ఈ రెండు దేశముల శిలలును కలియుచున్నవి.

ఇక మనుష్యుల కథ. సింహాచల దేవాలయము గోడలపైనను స్తంభములపైనను 11వ శతాబ్ది చివరినుండి శాసనములు కలవు. కులోత్తుంగ చోళుని కాలమునాటివి మొదలుకొని గాంగుల, గజపతుల, విజయనగరాధీశుల కాలము వరకు వ్రాయబడినవి. దీపమునకు ఆవులిచ్చినవారు, తోట ఇచ్చినవారు, బంగారు మాడలిచ్చినవారు అందరును ఆ రాళ్లపై తమ పేరు చెక్కించుకొనిరి. 1516లో శ్రీకృష్ణదేవరాయలు కళింగ దండయాత్రలో వచ్చి స్వామిని సేవించిన సంగతియు శాసనములో కలదు. వీరందరిలో శిల కథకు దగ్గరైనవాడు గాంగరాజు మొదటి నరసింహదేవుడు. 13వ శతాబ్దిలో సింహాచలాలయమును విస్తరింపజేసినవాడును, కోణార్కలో సూర్యదేవునికి రథాకారమున ఆలయము కట్టించినవాడును ఇతడే. కోణార్క ఆలయమునకును, పూరీ జగన్నాథాలయమునకును వాడిన ప్రధాన శిల ఈ ఖొండలైటే. కావలసినంత దొరకును, ఉలికి లొంగును. కాని ఉప్పుగాలికి, వానకు నిలువలేదు. కోణార్క శిల్పముల ముఖములు కరిగిపోవుటకు ఇదియొక కారణము. రాజు దాత కాగలడు గాని రాతి స్వభావమును మార్చలేడు.

సింహగిరినుండి తూర్పునకు దిగి, తీరమువెంట ఉత్తరముగా పోయినచో వరుసగా మూడు కొండలు వచ్చును: తొట్లకొండ, బావికొండ, పావురాళ్ళకొండ. వేదాధ్యయనము చేసిన మేము బౌద్ధుల కొండలను గూర్చి చెప్పుటేమని ఎవరికైనను తోచవచ్చును. మన ఇంటికి పూర్వము ఎవరు కాపురమున్నారో తెలిసికొనుట తప్పు కాదు గదా. బావికొండలో 1982 మొదలు 1987 వరకు త్రవ్వకములు జరిగినవి. అచట పాత్రలో భద్రపరచిన ఎముక తునక దొరికినది. అది తథాగతుని ధాతువని బౌద్ధులు భావించుచున్నారు. తొట్లకొండ జాడ మరింత విచిత్రముగా తెలిసినది. నౌకాదళమువారు స్థావరము కొరకు విమానమునుండి పరిశీలించుచుండగా కొండపై శిథిలములు కనబడినవి. 1988లో త్రవ్వకము మొదలుపెట్టగా చైత్యములు, విహారములు, వంటశాల బయటపడినవి. క్రీస్తుపూర్వము రెండవ శతాబ్దినుండి సుమారు నాలుగైదు వందల సంవత్సరములు అచట భిక్షువులు నివసించిరి. శాతవాహనుల నాణెములతోబాటు రోమనుల వెండినాణెములును దొరికినవి. రోమునుండి బయలుదేరిన వెండి ఈ కొండపైకి ఎక్కినదనగా క్రింద రేవున ఓడలు ఆగినవనియే అర్థము.

ఆ కొండకు పేరు తెచ్చిన తొట్లు చూడదగినవి. సముద్రమునకు అంత దగ్గరగా ఉండియు త్రాగునీరు లేని చోట, వారు రాతిని తొలిచి వాననీటిని నిలువచేసికొనిరి. మన యతులకు చాతుర్మాస్యమెట్లో వారికి వర్షావాసమట్లు. వానకాలములో మూడు నెలలు ఒకచోటనే ఉండవలెను. ఆకాశమునుండి పడిన నీటినే పట్టుకొని సంవత్సరమంతయు గడుపవలెను. పావురాళ్ళకొండపై కూడ ఇట్టి తొట్లు కలవు. ఆ కొండకే నరసింహకొండ అని వ్యవహారము. పైన బౌద్ధవిహారపు గుర్తులు, క్రింది వాలుపై నరసింహస్వామి ఆలయము. పై మెట్టువారు వెళ్లిపోయిరి, క్రింది మెట్టువారు దీపము పెట్టిరి. మధ్య ఏమి జరిగినదో ఊహించి కలహములు పెంచుట మాకు ఇష్టము కాదు.

ఇప్పుడు మేము ముఖ్యముగా చెప్పదలచిన చోటికి వచ్చినాము. భీమునిపట్టణము చేరుటకు ముందే దారి ప్రక్కన ఎర్రమట్టి దిబ్బలు కనబడును. సినిమాలలో చూచినవారికి అవి పాటలు తీయు స్థలమనియే తెలియును. సుమారు ఐదు కిలోమీటర్ల పొడవున, కొన్నిచోట్ల రెండువందల మీటర్లు, కొన్నిచోట్ల రెండు కిలోమీటర్ల వెడల్పున, ముప్పది మీటర్ల వరకు ఎత్తున ఉన్న దిబ్బలివి. లోనికి నడిచినచో నిలువుగా కోసినట్లున్న ఎర్రని గోడల నడుమ వాగులు చెట్టుకొమ్మలవలె చీలి చీలి పోవుచుండును. ఇవి రాతికొండలు కావు. ఎర్రమట్టి అనుచున్నాముగాని నిజమునకు ఇవి ఇసుక. గాలి తెచ్చి పోసిన ఇసుక!

ఆ ఇసుక ఎచ్చటిది? సుమారు ఇరువదివేల సంవత్సరముల క్రిందట భూమిపై చలి మిక్కుటమై, ఉత్తరదేశములలోను ధ్రువప్రాంతములలోను నీరు మంచుగా గడ్డకట్టి నిలిచిపోయెను. సముద్రమునకు రావలసిన నీరు మంచులో చిక్కుకొనుటచే సముద్రమట్టము నేటికన్న సుమారు 120 మీటర్లు దిగిపోయెను. ఈ తీరమున అలలు విరుగు రేఖ కొన్ని పదుల కిలోమీటర్లు తూర్పునకు జరిగి, నేడు పడవలు తిరుగు చోటు ఎండిన ఇసుకమైదానమై ఉండెను. గాలి ఆ ఇసుకను ఎత్తి కొండల మొదట కుప్పలుగా పోసినది. దిబ్బలు ఏర్పడిన కాలము సుమారు 18,500 మొదలు 12,000 సంవత్సరముల క్రిందటిదని పరిశోధకులు చెప్పుచున్నారు. తరువాత చలి తగ్గి వానలు పెరిగినవి. కొండరాతినుండి వచ్చిన గార్నెట్టు మొదలగు ఖనిజములలోని ఇనుము వాననీటికి కరిగి, గాలి తగిలి, తుప్పుగా మారి ప్రతి ఇసుకరేణువునకును ఎర్రని పూత పూసినది. ఇందాక గుర్తుంచుకొనమన్న ఇనుము ఇదియే. పైన లేత పసుపు ఇసుక, దాని క్రింద ఇటుకరంగు ఇసుక, దాని క్రింద గట్టి ఉండలు కూడిన గోధుమవన్నె పొర, అడుగున మరల పసుపు ఇసుక. గోడను చూచినచో ఆ వరుస కనబడును.

ఈ విధమైన ఎర్రని ఇసుకదిబ్బలు దక్షిణాసియా తీరములలో అరుదు. ఇచ్చట, తమిళనాడులో తేరి అను చోట్ల, సింహళద్వీపమున మాత్రమే కలవు. ఈ దిబ్బలలో ఆదిమానవులు వాడిన చిన్న రాతి పనిముట్లును దొరికినవి. అనగా మన శాసనములకు, బౌద్ధుల తొట్లకు ఎన్నో వేల సంవత్సరములకు పూర్వమే ఇచ్చట మనుష్యుడు నడిచెను.

తరువాత మంచు కరిగినది, సముద్రము వెనుకకు వచ్చినది. సుమారు ఏడువేల సంవత్సరముల క్రిందటికి ఇంచుమించు నేటి మట్టమునకు చేరినది. విశాఖపట్టణమునకు ఆ పేరు తెచ్చిన విశాఖేశ్వరుని ఆలయము సముద్రములో మునిగిపోయినదని జనశ్రుతి కలదు. దానిని ఈ మంచు కరుగుటతో ముడిపెట్టువారిని మేము విన్నాము. కాలము పొసగదు. ఆలయములు కట్టు కాలమునకు సముద్రము ఏనాడో తన చోటికి వచ్చి చేరినది. అలలు గట్టును కోసివేయుట వేరు, సముద్రమే లేచుట వేరు.

భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థవారు 2014లో ఈ దిబ్బలను జాతీయ భూవారసత్వ స్థలముగా ప్రకటించిరి. రక్షణలోనికి తెచ్చినది సుమారు 262 ఎకరములు. దిబ్బల విస్తీర్ణము అంతకు ఎన్నోరెట్లు. 2025లో యునెస్కోవారి తాత్కాలిక జాబితాలో తిరుమల కొండలతోబాటు ఈ దిబ్బలకును చోటు దొరికినది. ఏడుకొండలవాని సరసన చోటు దొరికినదని సంతోషింపవచ్చునుగాని, 2024లో ఇచ్చటనే యంత్రములతో మన్ను తవ్వి చదును చేయుచున్నారని పత్రికలలో వార్తలు వచ్చిన సంగతిని మరువరాదు. ఇంటిస్థలముల కొరకు తవ్వువారిని అడ్డుకొనుట ప్రభుత్వము పని. మన పని మరియొకటి కలదు. అదియే మొదట చెప్పిన యాత్రికుల ప్రశ్న.

కొందరు భక్తులు సముద్రస్నానమునకు పోవుచు ఈ దిబ్బల మన్నును సంచులతో తెచ్చుకొనుచున్నారు. మృత్తికాస్నానమునకు పనికివచ్చునా అని మమ్ము అడుగుచున్నారు. రంగు చూచి పవిత్రమనుకొనుట సహజము. మృత్తికాస్నాన మంత్రములు ఆ మన్నును వరాహమూర్తి పైకెత్తిన మన్నుగా స్తుతించును. ఇది వరాహనృసింహుని సీమ. కావున ఇచ్చటి మన్నే శ్రేష్ఠమని వారి తర్కము. భక్తిలో లోపము లేదు. అయితే మన్ను ఎచ్చటినుండి తీయవలెనో, ఎచ్చట తీయరాదో శాస్త్రము ఆలోచింపక విడువలేదు. శౌచమునకు మన్ను తెచ్చునప్పుడు పుట్టమన్ను కూడదు, ఎలుక తవ్విన మన్ను కూడదు, గోడమన్ను కూడదు. ఒక ప్రాణి నివాసము చెడునట్టి చోట, ఒకరు కట్టినది కూలునట్టి చోట మన్ను తీయరాదని భావము. అథర్వవేదమునందలి భూమిసూక్తము కూడ భూమిని తవ్వు నరుడు ఆమె మర్మస్థానమును నొప్పించరాదను జాగ్రత్తతో, తవ్విన చోటు వేగముగా పూడవలెనను కోరికతో ప్రార్థించును.

పొలము తవ్విన పూడును. నదీతీరమున మన్ను తీసిన మరుసటి వరదకు ఒండ్రు వచ్చి చేరును. ఈ దిబ్బల ఇసుక తీసినచో పూడవలెనన్న సముద్రము మరల 120 మీటర్లు దిగవలెను, తూర్పున ఎండిన మైదానము మరల తేలవలెను, గాలి వేల సంవత్సరములు వీచవలెను, ఆపైన వాన వేల సంవత్సరములు ఆ రేణువులకు ఎర్రరంగు వేయవలెను. భూమిసూక్తపు ప్రార్థన ఫలించుటకు వీలులేని చోటిది. పైగా ఈ గోడలకు గట్టితనము పైపొరలోనే ఉన్నది. కాలిబాటయైనను ఒక అంచును తెగగొట్టినచో మరుసటి వానకు అచట కొత్త వాగు పుట్టి దిబ్బను లోపలినుండి తొలుచుకొనిపోవును. కావున మా సమాధానము స్పష్టము. మృత్తికాస్నానమునకు గాని, ఇంట పూజకు గాని, తులసికోటలో వేయుటకు గాని ఎర్రమట్టి దిబ్బలనుండి పిడికెడు మన్నైనను తీయరాదు. తెచ్చినవారు దోషమంటునేమోనని భయపడనక్కరలేదు. ఇకపై తేకున్న చాలును.

మరి మన్ను ఎచ్చట తీయవలెను? భీమునిపట్టణమున గోస్తనీనది సముద్రములో కలియును. అనంతగిరి కొండలలో పుట్టి, బొర్రాగుహల సున్నపురాతిని తొలుచుకొని, గోవు పొదుగునుండి జారిన పాలధారవంటిదన్న పేరు పొంది, ఈ నది ఇచ్చటికి వచ్చుచున్నది. భీముని పేర వెలసిన ఈ పట్టణమున 17వ శతాబ్దిలో డచ్చివారు కోట కట్టి వర్తకము చేసిరి. 1825లో ఇంగ్లీషువారికి వదలివెళ్లిరి. వారి సమాధులు నేటికిని కలవు. వర్తకులు వచ్చిరి పోయిరి గాని, నది మాత్రము ఏటేట వరదకు కొండమన్ను తెచ్చి పోయుచునే యున్నది. ఆ సంగమము దగ్గర, నీటి ఒడ్డున, మొన్నటి వరదకు చేరిన మెత్తని ఒండ్రు మృత్తికాస్నానమునకు శ్రేష్ఠము. గురిగింజంత చాలును. సైకతలింగము చేయువారు అలలు తడిపిన ఇసుకనే గ్రహింపవలెను. అరచేతిలోనికి తీసికొని చూచినచో అందు నల్లని చారలు, ఎర్రని మెరుపులు కనబడును. ఆ ఎరుపు సింహగిరి రాతిలోని గార్నెట్టే. పూజానంతరము ఉద్వాసన చెప్పి ఆ ఇసుకను ఆ నీటిలోనే విడువవలెను.